స్లీపింగ్ బ్యాగ్ లైనర్, టార్ప్: రాత్రి చలిలో ఏది ఎంతవరకు కాపాడుతుంది

స్లీపింగ్ బ్యాగ్ లైనర్, అంటే బ్యాగ్ లోపల వేసుకుని పడుకునే గుడ్డ సంచి, కొనబోతే అట్ట మీద ముందుగా కంటపడేది ఒక అంకె. 5 డిగ్రీల అదనపు వెచ్చదనం, 8 డిగ్రీలు, కొన్నిటి మీద 14 అని కూడా ఉంటుంది. పిడికిట్లో పట్టే గుడ్డ సంచి అంత చలి ఆపుతుందని నమ్మి, పలచటి బ్యాగ్‌తో కొండెక్కినవాళ్లకు తెల్లవార్లూ వణుకే మిగులుతుంది. ఇంకోవైపు, బరువు తగ్గించుకోవాలని టెంట్ మానేసి ఒక టార్ప్, అంటే తాళ్లతో పైన కట్టుకునే వాన ఆపే గుడ్డ, నాలుగు తాళ్లు, నేలలో దిగ్గొట్టే గుప్పెడు పెగ్గులతో బయల్దేరేవాళ్లు ఉన్నారు. గోడలే లేని గుడ్డ కింద పడుకుంటే చలేయదా, వానొస్తే తడవమా అన్నది వాళ్ల సందేహం.

ఈ రెండిటినీ విడివిడిగా చూడటం వల్లే గందరగోళం వస్తుందని నా అభిప్రాయం. ఆరుబయట నిద్ర చెడగొట్టేవి ముఖ్యంగా రెండు: కదిలే గాలి, తేమ. ఉష్ణోగ్రత వాటి తర్వాతే. లైనర్ పని మన ఒంటి నుంచి వచ్చే తేమతో. టార్ప్ పని బయటి గాలితో, బయటి తేమతో. ఒకదాని పని ఇంకోదానితో చేయించబోతేనే చిక్కు.

బ్యాగ్ మీది అంకె ఏం చెబుతుంది

లైనర్ సంగతికి ముందు బ్యాగ్ సంగతి చూడాలి. స్లీపింగ్ బ్యాగులకు ఒక ప్రామాణిక పరీక్ష ఉంది. ఐరోపాలో ఈఎన్ 13537 పేరుతో 2002లో వచ్చింది, 2016 నుంచి ఐఎస్ఓ 23537 దాని చోటు తీసుకుంది. లోపల హీటర్లు, సెన్సర్లు ఉన్న మనిషి బొమ్మకు పొడుగు చేతుల లోదుస్తులు, మేజోళ్లు తొడిగి, కింద మ్యాట్ వేసి, బ్యాగ్‌లో పడుకోబెట్టి చల్లటి గదిలో కొలుస్తారు. దాన్నుంచి మూడు అంకెలు లెక్కగడతారు. కంఫర్ట్ అంటే సగటు మహిళ ఒళ్లు ముడుచుకోకుండా హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే సగటు పురుషుడు ముడుచుకుని పడుకుని ఎలాగో రాత్రి గడపగలిగేది. ఎక్స్‌ట్రీమ్ అంటే ప్రాణానికి ముప్పు మొదలయ్యే గీత, దాన్ని నిద్రతో కలిపి ఆలోచించనే కూడదు.

చాలా బ్యాగుల పేరులో ఉండే అంకె లిమిట్‌ది. "మైనస్ 5 బ్యాగ్ కొన్నాను, సున్నా దగ్గరే చలేసింది" అనేవాళ్ల బ్యాగ్‌లో చాలాసార్లు లోపమేమీ ఉండదు. వాళ్లు చూడాల్సింది కంఫర్ట్ అంకె.

ఇంకో మాట, ఈ పరీక్షలో బొమ్మ కింద మ్యాట్ ఉంటుంది. బ్యాగ్‌లోని డౌన్, అంటే బాతుల రొమ్ము దగ్గరి మెత్తటి నూగు, వేడిని ఆపేది తనలో పట్టి ఉంచుకున్న గాలితో. మన బరువు కింద ఆ నూగు నలిగిపోతే అందులో గాలి ఉండదు, వేడి ఆపే శక్తీ ఉండదు. కాబట్టి వీపు కింద చలి ఆపేది మ్యాట్ ఒక్కటే. మ్యాట్ వేడిని ఎంతగా ఆపుతుందో చెప్పడానికి ఆర్-వాల్యూ అనే కొలత ఉంది, అది ఎంత ఎక్కువైతే అంత మేలు. 2018లో వచ్చిన ఏఎస్‌టీఎం ఎఫ్3340 పరీక్షతో వేర్వేరు కంపెనీల మ్యాట్‌లను పోల్చుకునే వీలొచ్చింది. ఒక మ్యాట్ మీద ఇంకోటి వేస్తే రెండిటి ఆర్-వాల్యూలు కూడతాయి. రాత్రి నడుము, తుంటి దగ్గర చలేస్తోందంటే లైనర్ ఎంత ఖరీదైనది వేసినా లాభం లేదు, ఆ చలి నేల నుంచి వస్తోంది.

లైనర్లకు వాటికంటూ ఇలాంటి ప్రామాణిక పరీక్ష లేదు. అట్ట మీది డిగ్రీలు తయారీదారు తనకు తాను వేసుకున్న లెక్క. నన్నడిగితే పలచటి పట్టు లైనర్ నుంచి రెండు మూడు డిగ్రీలు, మందపాటి ఫ్లీస్, అంటే ఉన్నిలా మెత్తగా ఉండే సింథటిక్ గుడ్డ, నుంచి నాలుగైదు డిగ్రీలు ఆశించడం క్షేమం. అదీ బ్యాగ్‌లో చోటు ఉంటేనే. ఒంటికి అతుక్కునేంత ఇరుకు బ్యాగ్‌లో ఫ్లీస్ లైనర్ దూర్చితే అది లోపలి నుంచి డౌన్‌ను నొక్కేస్తుంది. అక్కడ వచ్చిన వెచ్చదనం ఇక్కడ పోతుంది. వదులు బ్యాగ్‌లో అయితే అదే లైనర్ ఖాళీలను నింపి, మనం కదిలినప్పుడల్లా వెచ్చటి గాలి మెడ దగ్గర్నుంచి బయటికి పోకుండా చూస్తుంది. ఒకే లైనర్ ఒకరికి అద్భుతంగా, ఇంకొకరికి దండగగా అనిపించడానికి కారణం ఇదే.

బరువు లెక్కలో చూస్తే మరీ స్పష్టం. ఫ్లీస్ లైనర్ 350 నుంచి 450 గ్రాములు తూగుతుంది. అందులో సగం బరువు కూడా లేని డౌన్‌ను బ్యాగ్‌లో అదనంగా నింపితే అంతకంటే ఎక్కువ వెచ్చదనం వస్తుంది. కేవలం చలి కోసమే అయితే మంచి బ్యాగ్, మంచి మ్యాట్ మీద డబ్బు పెట్టడమే తెలివి.

మరి లైనర్ దేనికి?

తేమ కోసం, శుభ్రత కోసం.

నిద్రలో కూడా చర్మం నుంచి, ఊపిరి నుంచి నీరు ఆవిరవుతూనే ఉంటుంది. చెమట పట్టినట్టు తెలియకపోయినా రాత్రికి ఒక గ్లాసుడు నీళ్లు ఇలా పోతాయి. ఊపిరిలో పోయేది ముఖం బయట ఉంటే గాలిలో కలుస్తుంది. చర్మం నుంచి వచ్చేది మాత్రం బ్యాగ్ గుడ్డ దాటి, డౌన్ గుండా బయటికి దారి వెతుక్కోవాలి. దారిలో చల్లటి పొర తగిలితే అక్కడే నీరవుతుంది. తడిసిన డౌన్ ఉండకట్టి చతికిలపడుతుంది. ఆవిరితో పాటు చర్మం మీది నూనె, ఉప్పు, మట్టి, సన్‌స్క్రీన్ కూడా బ్యాగ్ లోపలి గుడ్డకు పట్టి, మెల్లగా నూగుకు చేరతాయి. జిడ్డు పట్టిన నూగు పొంగదు. ఉతుకుదామంటే డౌన్ బ్యాగ్ ఉతకడం పెద్ద పని, ఆరబెట్టడం ఇంకా పెద్ద పని, సరైన సబ్బు వాడకపోతే నూగుకు సహజంగా ఉండే నూనె కూడా పోతుంది. లైనర్‌ను అయితే పిండి తాడు మీద ఆరేస్తే సరిపోతుంది. ఏళ్ల తరబడి బ్యాగ్ పొంగు నిలబడాలంటే నాకు తెలిసిన చవకైన మార్గం ఇదే.

ఆల్ప్స్ పర్వతాల్లో నడిచేవాళ్లు రాత్రి బస చేసే చాలా హట్‌లలో దుప్పట్లు వాళ్లే ఇచ్చినా, మన లైనర్ మనం తెచ్చుకోవాలన్నది నియమం. ఎందరో కప్పుకునే దుప్పటికి మనకు మధ్య ఒక శుభ్రమైన పొర ఉండాలన్నదే దాని ఉద్దేశం. వెచ్చదనం అక్కడ ప్రశ్నే కాదు.

గుడ్డ ఎంపిక దగ్గర ఎక్కువ ఆలోచించక్కర్లేదు. మోసుకెళ్లే ప్రయాణానికి పట్టు మంచిది. 120 నుంచి 150 గ్రాముల బరువు, ఉతికితే త్వరగా ఆరుతుంది, బ్యాగ్ లోపల జారుతుంది కాబట్టి కాళ్లకు చుట్టుకోవడం తక్కువ. బలహీనత కుట్ల దగ్గర. రాత్రి అటూ ఇటూ దొర్లేవాళ్ల మోకాళ్లు ముందు పక్క కుట్టునే విప్పుతాయి, కొనేటప్పుడు ఆ కుట్టు రెండు వరసలుందో లేదో లాగి చూడండి. నూలు మెత్తగా, చవకగా ఉంటుంది కానీ బరువు, పైగా తడి పీల్చుకుని వదలదు. కారు పక్కనే క్యాంప్ వేసేవాళ్లకు ఫర్వాలేదు, నడిచేవాళ్లకు వద్దు. సింథటిక్ సాగే లైనర్లు ఈ రెండిటికీ మధ్య. వేడి రాత్రుల్లో బ్యాగ్ విప్పి కింద పరుచుకుని లైనర్ ఒక్కదానిలో పడుకోవచ్చు. పర్మెత్రిన్ అనే మందు పట్టించిన లైనర్లు కూడా దొరుకుతాయి. దోమలు, నల్లుల బెడద ఉన్నచోట అవి పనికొస్తాయి, కాకపోతే బయట ఉండే ముఖానికి, చేతులకు అవి రక్ష కావు.

రాత్రి కోసమే ఒక జత పొడి లోదుస్తులు, మేజోళ్లు దాచుకునే అలవాటు మీకుంటే, చల్లటి రోజుల్లో లైనర్ చేసే పనిలో చాలా భాగం ఆ బట్టలే చేసేస్తాయి. బ్యాగ్ శుభ్రంగా ఉంటుంది, తేమ బట్టలే పీల్చుకుంటాయి. పైగా పొద్దున చలిలో లేచి టీ పెట్టుకునేటప్పుడు ఒంటి మీద ఉండేవి బట్టలే, లైనర్ కాదు. రెండూ మోయడం అవసరమా అని ఒకసారి ఆలోచించుకోండి.

తడి బట్టలతో బ్యాగ్‌లోకి దూరితే ఒంటి వేడికి పొద్దునకల్లా ఆరిపోతాయనే సలహా తరచుగా వినిపిస్తుంది. లెక్క వేస్తే దాని ఖరీదు తెలుస్తుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి దాదాపు 2,400 జౌళ్ల వేడి కావాలి. నిద్రలో ఉన్న మనిషి ఒళ్లు పుట్టించే వేడి సుమారు 75 వాట్లు. అంటే బట్టల్లో 100 మిల్లీలీటర్ల నీరుంటే, దాన్ని ఆరబెట్టడానికి దాదాపు గంటసేపు మన ఒళ్లు పుట్టించే వేడంతా ఖర్చవుతుంది. ఆ నీరు పోయేది కూడా బయటికి కాదు, బ్యాగ్‌లోని డౌన్‌లోకి. కొద్దిగా చెమ్మగా ఉన్న మేజోళ్ల వరకు సరే, తడిసిన ప్యాంటుతో మాత్రం వద్దు.

తేమ ఎంత దూరం వెళ్లగలదో చెప్పడానికి 1911 నాటి అంటార్కిటికా ప్రయాణాన్ని మించిన ఉదాహరణ లేదు. ఎంపరర్ పెంగ్విన్ గుడ్ల కోసం బ్రిటిష్ అన్వేషకుడు స్కాట్ బృందం నుంచి విల్సన్, బవర్స్, చెర్రీ-గెరార్డ్ నడి శీతాకాలంలో, పగలే లేని చీకట్లో కేప్ క్రోజియర్‌కు స్లెడ్జిలు లాక్కుంటూ వెళ్లారు. ఒక దశలో చలి మైనస్ 60 సెల్సియస్ డిగ్రీలు తాకింది. వాళ్లవి రెయిన్‌డీర్ తోలు స్లీపింగ్ బ్యాగులు. లోపల వేసుకోవడానికి ఈడర్ బాతు నూగుతో చేసిన లైనర్లు కూడా తీసుకెళ్లారు. బయల్దేరేటప్పుడు మూడు బ్యాగుల బరువు కలిపి 52 పౌండ్లు, అంటే 24 కిలోలకు కాస్త తక్కువ. ఐదు వారాల తర్వాత తిరిగొచ్చేసరికి 118 పౌండ్లు, 53 కిలోల పైన. పెరిగిన 30 కిలోలూ మంచుగడ్డ. అందులో ఎక్కువ భాగం వాళ్ల చెమట, వాళ్ల ఊపిరి. గడ్డకట్టిన బ్యాగ్‌లోకి దూరాలంటే ఒంటి వేడితో కొంచెం కొంచెం కరిగించుకుంటూ లోపలికి జరగాల్సి వచ్చేది.

ఈ సమస్యకు తర్వాతి కాలంలో వచ్చిన జవాబు కూడా లైనరే, కానీ వేరే రకం. ఆవిరి దాటలేని పలచటి గుడ్డతో చేసిన దాన్ని వేపర్ బ్యారియర్ లైనర్ అంటారు. ఒంటి తేమ దానిలోపలే ఆగిపోతుంది, డౌన్ పొడిగా మిగులుతుంది. లోపల జిగటగా, చిరాగ్గా ఉంటుంది, పలచటి లోదుస్తులతోనే పడుకోవాలి. మైనస్ 15 కంటే దిగువన, బ్యాగ్ ఆరబెట్టే అవకాశం లేకుండా వరసగా చాలా రాత్రులు గడిపేవాళ్లకే అది. మామూలు చలిలో వాడితే మన చెమటలో మనమే నానుతాం.

గోడలు లేని గుడ్డ

టార్ప్‌కు నేల లేదు, జిప్పు లేదు, దోమతెర లేదు. అంచుల వెంట తాడు కట్టుకునే లూపులున్న ఒక్క గుడ్డ అంతే. ఒక్కరికి రెండున్నర మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పుది సరిపోతుంది. మొదటిసారి వాడేవాళ్లకు ఇంకాస్త పెద్దదే మేలు, ఎందుకంటే కట్టడంలో తప్పులను పెద్ద గుడ్డ సర్దుకుంటుంది.

అది చలిని ఎలా ఆపుతుంది? గాలిని వేడిగా ఉంచడం ద్వారా కాదు. మామూలు టెంట్ లోపల కూడా బయటికంటే రెండు మూడు డిగ్రీలకు మించి తేడా ఉండదు, తలుపులు తెరిచి ఉంచితే అదీ ఉండదు. టార్ప్ చేసే మొదటి పని గాలి వేగాన్ని విరగ్గొట్టడం. రెండోది జనం పెద్దగా పట్టించుకోనిది. మేఘాలు లేని రాత్రి ఆకాశం మనకంటే ఎంతో చల్లగా ఉంటుంది. భూమి మీద ఆకాశానికి ఎదురుగా ఉన్న ప్రతి వస్తువూ తన వేడిని పైకి వెదజల్లుతూ, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడిపోతుంది. గాలి 4 డిగ్రీలున్నా గడ్డి మీద తెల్లటి మంచు పేరుకునేది అందుకే. టార్ప్ కింద పడుకుంటే ఆ చల్లబడే పని మన బ్యాగ్‌కు బదులు టార్ప్‌కు పడుతుంది. గుబురు చెట్టు కొమ్మల కింద పడుకున్నా కొంత ఇదే లాభం.

దీనికి మరో ముఖం కూడా ఉంది. ఆకాశానికి వేడి ఇచ్చి చల్లబడిన గుడ్డ మీద, చల్లటి నీళ్ల గ్లాసు బయట చెమ్మ పట్టినట్టే, గాలిలోని ఆవిరి నీరై కూర్చుంటుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి దాదాపు 17 గ్రాముల నీటి ఆవిరి పట్టగలదు. 10 దగ్గర 9 గ్రాములు, సున్నా దగ్గర 5 గ్రాములలోపే. రాత్రి చల్లబడేకొద్దీ మిగతాది ఎక్కడో ఒకచోట దిగాలి. ఒకే పొర ఉన్న టెంట్లలో అది లోపలి గోడ మీద దిగుతుంది. మన ఊపిరి తేమ కూడా దానికి తోడవుతుంది. పొద్దున చూస్తే బ్యాగ్ కాళ్ల వైపు తడిసి ఉంటుంది. టెంట్ కారుతోందని చాలామంది అనుకునేది నిజానికి ఇదే: నిద్రలో కాలు చాపితే బ్యాగ్ గోడకు రాసుకుని ఆ చెమ్మంతా తుడుచుకుంటుంది. పెద్ద వానలో గుడ్డ గుండా తుంపర వస్తోందనిపించేది కూడా చాలాసార్లు, చినుకుల దెబ్బకు లోపలి చెమ్మ రాలి పడటమే.

దీనికి విరుగుడు గాలి. రెండు వైపులా తెరిచి ఉన్న టార్ప్ కింద తేమ నిలవదు కాబట్టి, మూసిన ఒకే పొర టెంట్ కంటే బ్యాగ్ పొడిగా ఉంటుంది. చలేస్తోందని అంచులు నేలకు దించేసి, అన్ని వైపులా మూసేస్తే ఆ లాభం పోతుంది. వెచ్చగా ఉండాలా, పొడిగా ఉండాలా అనే ప్రశ్న వస్తే నేను పొడినే ఎంచుకుంటాను, పొడి బ్యాగ్ రేపటికీ వెచ్చగా ఉంటుంది. జాగ్రత్త కోసం పడుకునే ముందు వాన జాకెట్ జిప్పు పెట్టేసి బ్యాగ్ కాళ్ల వైపుకు తొడిగేయండి. గోడకు తగిలినా, గాలికి తుంపర కొట్టినా ముందు తడిసేది ఆ చివరే. ముఖం మాత్రం బ్యాగ్ బయటే ఉండాలి. ముక్కు చలేసి లోపలికి దూర్చుకుంటే ఊపిరి తేమ అంతా డౌన్‌లోకే పోతుంది. టోపీ, మెడకు మఫ్లర్ వేసుకోవడం దానికంటే ఎన్నో రెట్లు నయం.

బివీ అంటే స్లీపింగ్ బ్యాగ్ మీద తొడిగే సంచి. గాలినీ తుంపరనూ బాగా ఆపుతుంది, ఒక్కరు పట్టేంత చోటు చాలు. కానీ బ్యాగ్‌కూ దానికీ మధ్య చెమ్మ పట్టడం ఖాయం, పూర్తి వాటర్‌ప్రూఫ్ రకంలో మరీను. పలచటి, గాలాడే బివీని చిన్న టార్ప్ కింద వాడటం మాత్రం చక్కటి జత. ఊయల కట్టుకునేవాళ్ల సంగతి వేరు: వాళ్లకు చలి కింది నుంచి వీచే గాలితో వస్తుంది, దాన్ని లైనర్ ఆపలేదు, ఊయల కింద వేలాడదీసే క్విల్ట్, అంటే బొంత లాంటిది, కావాలి.

చోటు, తాడు, పెగ్గు

తేలికైన గుడారం ఎంత బాగా పనిచేస్తుందన్నది సగం దాన్ని ఎక్కడ కట్టామన్న దానిలోనే ఉంది. టెంట్‌కు నేల ఉంటుంది, తప్పు చోట వేసినా కొంత కాస్తుంది. టార్ప్ కాయదు.

రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి వాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. ఏటి ఒడ్డున, పచ్చిక మైదానం నడుమ తేమ కూడా ఎక్కువ. అడుగు నుంచి కాస్త పైకెక్కి, చెట్ల అంచున చోటు చూసుకుంటే చలీ తగ్గుతుంది, చెమ్మా తగ్గుతుంది. తలెత్తి ఎండుకొమ్మలు ఉన్నాయేమో చూడాలి. తర్వాత నేల మీద వంగి చూడాలి. ఎందరో పడుకుని పడుకుని చదునైన చోటు ఆకర్షణీయంగా ఉంటుంది కానీ, చాలాసార్లు అది గట్టిపడి పళ్లెంలా గుంటపడి ఉంటుంది, వానొస్తే నీళ్లు నిలిచేది అక్కడే. ఎండుటాకులు వరసగా ఒకవైపు పేరుకుని ఉంటే నీళ్లు అటు పారాయని అర్థం. కాస్త ఉబ్బెత్తుగా, ఆకులూ పైన్ చెట్ల సూదుల్లాంటి ఆకులూ పరిచిన మెత్తటి నేల ఉత్తమం. కింద వేసే పట్టా టార్ప్ అంచు దాటి బయటికి రాకూడదు. వస్తే పైనుంచి జారిన వాన నీళ్లను అదే లోపలికి తెస్తుంది.

కట్టడంలో చాలా రూపాలున్నాయి, ఒక్కటి బాగా నేర్చుకుంటే చాలు. రెండు ట్రెకింగ్ కర్రలతో ఇంటి పైకప్పులా రెండు వైపులా వాలేది, ఏ-ఫ్రేమ్ అంటారు. తల వైపు కర్ర నడుమెత్తు, కాళ్ల వైపు మోకాలెత్తు. కాళ్ల వైపు గాలికి ఎదురుగా ఉండాలి. గాలి వేగం రెట్టింపైతే గుడ్డ మీద పడే ఒత్తిడి నాలుగు రెట్లవుతుంది, అందుకే ఎత్తు తగ్గించడం అంత ముఖ్యం. గాలి వీస్తుండగా కట్టేటప్పుడు గుడ్డ పూర్తిగా విప్పకండి. గాలి వచ్చే వైపు రెండు మూలలు ముందు పెగ్గు కొట్టి, మోకాలితో గుడ్డను నొక్కి పట్టి, అటువైపు కర్ర నిలబెట్టి తాడు లాగి, ఆ తర్వాతే మిగతాది విప్పుతూ రావాలి. పెగ్గు తల టార్ప్‌కు అవతలి వైపు వాలి ఉండాలి.

పెగ్గు దిగని రాతినేలలో ఒక పద్ధతి నాకు ఎంతో ఇష్టం. తాడు చివర ఒక లూప్ వేసి, పిడికెడు రాయికి చుట్టి టార్ప్‌కు దూరంగా నేల మీద పెట్టాలి. దానికి ముందు, టార్ప్ వైపు, తాడు మీదుగా ఒక పెద్ద బండరాయి ఎత్తి పెట్టాలి. గాలి తాడును లాగినప్పుడు చిన్న రాయి వచ్చి పెద్ద రాయి వెనక ఇరుక్కుంటుంది, ఇక కదలదు. బిగించాలంటే పెద్ద రాయి ముట్టుకోకుండా చిన్న రాయిని వెనక్కి జరిపితే చాలు. పెద్ద రాయికే తాడు కట్టేస్తే ఈ సౌకర్యం ఉండదు, పైగా రాయి అంచుకు రాసుకుని తాడు తెగుతుంది.

గుడ్డల్లో సిలికాన్ పూసిన నైలాన్ గట్టిది, సులువుగా మడత పడుతుంది. కానీ తడి పీల్చుకుని సాగుతుంది, సాయంత్రం బిగించిన టార్ప్ అర్ధరాత్రికి వేలాడుతుంది. పడుకునే ముందు ఒకసారి తాళ్లు బిగించుకోవాలి, జారుముడి వేసి ఉంటే చేత్తో లాగితే అయిపోతుంది. పాలిస్టర్ అంతగా సాగదు. డైనీమా కాంపోజిట్ గుడ్డ నీరు పీల్చదు, సాగదు, అన్నిటికంటే తేలిక, ధర మాత్రం చుక్కలంటుతుంది. కొత్తవాళ్లకు పాలిస్టర్ చాలు.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. చలేస్తోందనో వాన పడుతోందనో మూసిన టెంట్‌లో గానీ, నేలకు దించి అన్ని వైపులా మూసిన టార్ప్ కింద గానీ స్టవ్ వెలిగించకండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. తలనొప్పి, మత్తు వచ్చేసరికి జిప్పు తీసుకుని బయటికి వచ్చే శక్తి కూడా మిగలకపోవచ్చు. పిడుగులు పడే చోట టార్ప్ గానీ టెంట్ గానీ రక్షణ కావు, శిఖరం అంచు నుంచి, ఒంటరి చెట్టు నుంచి దూరంగా దిగిపోవడమే మార్గం.

ఎంత తక్కువతో వెళ్లొచ్చు?

ఎమ్మా గేట్‌వుడ్ 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికాలోని అపలాచియన్ ట్రయల్ మొత్తం ఒంటరిగా నడిచింది. మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు దారి. భుజాన సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి, అందులో ఒక సైనిక దుప్పటి, వానకు అడ్డంగా ఒక ప్లాస్టిక్ షవర్ కర్టెన్. స్లీపింగ్ బ్యాగ్ లేదు, టెంట్ లేదు. తేలిక ప్రయాణం గురించి మాట్లాడేవాళ్లంతా ఆమె పేరు తలుచుకుంటారు, తలుచుకోవాల్సిందే. కానీ ఆమె నడిచింది వసంతం నుంచి వేసవి దాటేవరకు, దారిలో షెల్టర్లూ ఊళ్లూ ఉన్న చోట. తక్కువ సామానుతో వెళ్లడం ఆమెకు సాధ్యమైంది వాతావరణం, దారి, తన ఓపిక మూడూ తెలిసినందువల్ల.

దీనికి రెండో చివర మళ్లీ ఆ 1911 బృందమే. కేప్ క్రోజియర్‌లో తుఫానుకు వాళ్ల టెంట్ ఎగిరిపోయింది, రాళ్లతో కట్టుకున్న గూటి కాన్వాస్ పైకప్పూ చీలికలైపోయింది. మంచు కప్పేస్తుంటే బ్యాగుల్లోనే పడి ఉన్నారు. తుఫాను తగ్గాక టెంట్ వాలు దిగువన దొరకడం వల్లే ప్రాణాలతో తిరిగొచ్చారు. ఆ చలిలో గుడారం తేలికా కాదా అన్న ప్రశ్నే రాదు, ఉందా లేదా అన్నదే ప్రశ్న.

వీటి మధ్యలో మనకు ఎదురయ్యే రాత్రుల విషయానికొస్తే నా పంపకం ఇలా ఉంటుంది. రాత్రి 15 డిగ్రీలకు పైన, వాన అనుమానం తక్కువగా ఉంటే టార్ప్, పట్టు లైనర్, పలచటి క్విల్ట్ చాలు, దోమలుంటే తెర. 5 నుంచి 15 మధ్య అయితే సరైన కంఫర్ట్ అంకె ఉన్న బ్యాగ్ తప్పనిసరి. లైనర్‌ను శుభ్రత కోసం పెట్టుకోండి, దాని డిగ్రీలను లెక్కలోకి తీసుకోకండి. అవి చేతిలో మిగులుగా ఉండనివ్వండి. 5 కంటే దిగువన, గాలివానలు వచ్చే ఎత్తుల్లో, టార్ప్ కట్టడం చీకట్లో కూడా చేతికి వచ్చినవాళ్లు తప్ప మిగతావాళ్లు రెండు పొరల టెంట్ తీసుకెళ్లడం మేలు. అక్కడ ఆదా అయ్యే అర కిలో బరువుకు, తప్పు జరిగితే చెల్లించాల్సిన ధరకు పొంతన లేదు.

పొద్దున సర్దుకునే తీరు మీద మరుసటి రాత్రి ఆధారపడి ఉంటుంది. లేవగానే లైనర్ బయటికి లాగి తాడు మీద వేయండి, బ్యాగ్ తిరగేసి కాసేపు గాలికి పెట్టండి, ఆ తర్వాత టీ. తడి టార్ప్‌ను దులిపి బ్యాక్‌ప్యాక్ బయటి జేబులో పెట్టాలి, బ్యాగ్ పక్కన ఎప్పుడూ వద్దు. మధ్యాహ్నం ఆగినచోట పది నిమిషాలు ఎండలో అన్నీ పరిస్తే చాలావరకు ఆరిపోతాయి. ఇంటికొచ్చాక పట్టు లైనర్‌ను చల్లటి నీళ్లలో తేలిక సబ్బుతో ఉతికి నీడలో ఆరేయండి. డౌన్ బ్యాగ్‌ను నొక్కి పెట్టే చిన్న సంచిలో కాకుండా వదులుగా, పెద్ద గుడ్డ సంచిలో ఉంచండి. టార్ప్‌ను పూర్తిగా ఆరాకే మడవండి, తడిగా చుట్టి పెడితే బూజు పట్టి పూత పాడవుతుంది.